మార్కులు వేశాకే మాటలు

  

నా ఉద్యోగమంతా ఫ్యాక్టరీ మెయింటెనెన్సులోనే గడిచింది. ఇంటర్వ్యూ బోర్డుల్లో చాలాకాలం కూర్చున్నాను. తొలిరోజుల్లో మా బోర్డు పెద్దాయన మొదటి ప్రశ్న, "ఏ ఊరు బాబూ?" ఊరు కలిస్తే కాఫీ వచ్చేది, కలవకపోతే థర్మోడైనమిక్స్ వచ్చేది.

తర్వాత అందరికీ ఒకే ప్రశ్నల కాగితం పెట్టాం. పంపు బేరింగు వేడెక్కింది, షిఫ్టు మారడానికి పావుగంటే ఉంది, ఏం చేస్తావు? బోర్డులో ఎవరి మార్కులు వాళ్లు వేసి, కాగితం బోర్లించాకే నోరు విప్పాలి. పెద్దాయన అలిగారు, తనను గుమస్తాను చేశామని.

ఆ అలక కొత్తదేం కాదు. 1955లో ఇజ్రాయెల్ సైన్యంలో 21 ఏళ్ల డేనియల్ కానెమన్ (2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నది ఈయనే) కొత్త సైనికుల ఆరు లక్షణాలకు విడివిడిగా మార్కులేయమంటే, మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నావని ఇంటర్వ్యూ చేసేవాళ్లు తిరగబడ్డారు. సరే, ఆరూ వేశాక కళ్లు మూసుకుని మీకు తోచిన మార్కు కూడా ఒకటి వేయండన్నాడు. తీరా చూస్తే మంచి సైనికుణ్ని పసిగట్టడంలో ఆ తోచిన మార్కు ఆరింటి మొత్తానికి దీటుగా నిలిచింది. ముందే వేయించి ఉంటే నిలిచేది కాదని నా నమ్మకం.

మేమూ చివరి పది నిమిషాలు కబుర్లకు వదిలేసి, ఆ తర్వాత తోచిన మార్కు ఒకటి వేసేవాళ్లం. కాగితం ప్రశ్నల్లో అంతంతమాత్రంగా నెట్టుకొచ్చిన ఒకమ్మాయి, ఒక ఫేజు పోతే మిగతా రెండింటి మీద లోడు పడి వాళ్ల పొలంలో బోరు మోటారు వైండింగు ఎలా కాలిందో కాల్ లెటర్ వెనక గీసి చూపించింది. వేసిన మార్కులు దిద్దలేదు. తోచిన మార్కు మాత్రం బాగా పడింది, ఉద్యోగమూ వచ్చింది.

ఇక ఇవాళ పట్టాలందుకున్న మీ సంగతి. నీ బలహీనత ఏమిటని అడిగితే, "పని పర్‌ఫెక్టుగా చేయందే నిద్రపట్టదు సార్" అంటారు. పొద్దుట్నుంచి పదిమంది అదే అప్పజెబితే మాకు నిద్రొస్తుంది నాన్నా! అమీర్‌పేటలో డబ్బు కట్టి మరీ నేర్చుకుంటున్నారేమో ఇది. మీ ఇంట్లో చెడిపోయిన మిక్సీని విప్పి చూసినవాళ్లు ఈ హాల్లో ఎందరు? చేతులెత్తక్కర్లేదులెండి, మీ అమ్మలు చూస్తున్నారు.

బోర్డు కబుర్లతోనే సరిపెడుతుంటే మీరే అడగండి: "మొదటి ఆరు నెలల్లో నేను చేయాల్సిన పనేంటి సార్?" జీతం సంగతి ఆ తర్వాత.