రోమ్ రీమాస్టర్డ్: బొమ్మ మారింది, ఈజిప్ట్ మారలేదు

ఈరోజు గేమ్ గురించే మాట్లాడుకుందాం. కానీ ముందు నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి.

డిగ్రీ సెకండ్ ఇయర్‌లో కాలేజీల మధ్య క్విజ్. ఫైనల్లో చివరి ప్రశ్న: క్లియోపాత్రా రాజవంశం మూలం ఎక్కడిది? నేను ఆలోచించకుండా బజర్ నొక్కేసి "ఈజిప్టే కదా సార్, ఫారోల వంశం" అనేశా. తప్పు. ఆమెది టాలమీల వంశం. అలెగ్జాండర్ దగ్గర సేనానిగా ఉన్న టాలమీ మొదలుపెట్టిన వంశం, అంటే మాసిడోనియా వాళ్లు. ఆ ఒక్క ప్రశ్నతో కప్పు పోయింది. నా పక్కన కూర్చున్నవాడికి ఆన్సర్ తెలుసంట! "ఒక్క మాట నన్ను అడగొచ్చు కదరా" అన్నాడు. తర్వాత రెండు నెలలు వాడు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మరి నాకంత కాన్ఫిడెన్స్ ఎక్కడిది అంటారా? రోమ్: టోటల్ వార్. 2004లో వచ్చిన గేమ్. మీలో చాలామంది ఫోన్‌లో ఆడి ఉంటారు, ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ 2018లో వచ్చింది. మ్యాప్ మీద రాజ్యం నడపాలి, యుద్ధం వస్తే మైదానంలోకి దిగి వేల మంది సైనికులను మనమే నడిపించాలి. ఫ్లాంక్ నుంచి గుర్రాలను దింపి శత్రువు వెనక తగిలిస్తే ఆ మజానే వేరు.

2021 ఏప్రిల్ 29న దీని రీమాస్టర్డ్ వచ్చింది. చేసింది ఫెరల్ ఇంటరాక్టివ్, ఫోన్ వెర్షన్ చేసింది కూడా వాళ్లే. ఇది మాత్రం కంప్యూటర్‌కే. 4కే బొమ్మ, కెమెరా ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, మర్చంట్ అనే కొత్త ఏజెంట్ వచ్చాడు. పాత గేమ్‌లో ముట్టుకోనివ్వని 16 రాజ్యాలు తెరిచారు, మొత్తం 38. ఇంటర్‌ఫేస్ నాకు పెద్దగా నచ్చలేదు, అదో పక్కన పెడదాం.

ఎంతో ఆశగా ఈజిప్ట్ ఓపెన్ చేశా. గేమ్ మొదలయ్యేది క్రీ.పూ. 270లో. అప్పుడు అక్కడ రాజు రెండో టాలమీ. సైన్యంలో పొడవాటి ఈటెలు పట్టిన మాసిడోనియా తరహా ఫాలాంక్స్ ఉండాలి. నాకు కనిపించింది ఏంటి? మళ్లీ అవే రథాలు, అవే ఫారో వేషాలు! అది దాదాపు 1,000 ఏళ్ల ముందు రామ్సెస్ కాలం నాటి ఈజిప్ట్. అంటే తప్పును చెరపలేదు, పాలిష్ పెట్టి ఇంకా క్లియర్‌గా చూపించారు.

ఎందుకలా చేశారంటే నా ఊహ ఇది: మాసిడోనియా, గ్రీకు నగరాలు, సెల్యూసిడ్ ఇప్పటికే ఈటెలతో ఉన్నాయి. నాలుగోది కూడా అలాగే ఉంటే స్క్రీన్ మీద తేడా తెలీదు. అర్థం చేసుకోగలను. కానీ అసలు కథ అంతకంటే బాగుంటుంది ఫ్రెండ్స్. క్రీ.పూ. 217లో రఫియా యుద్ధం. ఇదే గేమ్‌లో హిస్టారికల్ బ్యాటిల్‌గా కూడా ఉంది. నాలుగో టాలమీ ఒకవైపు, సెల్యూసిడ్ రాజు మూడో యాంటియోకస్ ఇంకోవైపు. టాలమీ దగ్గర 73 ఆఫ్రికా ఏనుగులు, అవతల 102 ఇండియా ఏనుగులు. మన ఏనుగుల వాసనకీ ఘీంకారానికీ ఆఫ్రికావి చాలావరకు బెదిరిపోయాయని గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ రాశాడు. అయినా చివరికి గెలిచింది టాలమీయే. ఎలాగంటే, దాదాపు 20,000 మంది ఈజిప్ట్ స్థానికులకు ఫాలాంక్స్ నేర్పించి నిలబెట్టాడు. పరాయి రాజు, అతని కోసం ఈటె పట్టిన లోకల్ కుర్రాళ్లు. ఇంతకంటే సినిమా ఏం కావాలి? రథాలు ఎందుకు?

పాత యూనిట్లు తీసేయమని నేననట్లేదు, వాటితో పెరిగినవాళ్లం. సెట్టింగ్స్‌లో ఒక ఆప్షన్ పెడితే సరిపోయేది. యూరోపా బార్బరోరమ్ అనే మాడ్‌లో అభిమానులు ఎప్పుడో సరిగ్గా చేసి చూపించారు, జీతం లేకుండా.

ఆ క్విజ్ ఫ్రెండ్ ఇప్పుడు మాట్లాడతాడులెండి. ఆదివారం రాత్రి ఇద్దరం ఆన్‌లైన్‌లో రీమాస్టర్డ్ ఆడతాం. వాడు ప్రతిసారీ ఈజిప్టే తీసుకుంటాడు. రథాలు నా మీదకి వస్తుంటే మైక్‌లో "ఫారోల వంశం రా" అని నవ్వుతాడు. పోయినవారం కూడా నేనే ఓడిపోయా.

ఏ గేమ్ వల్ల మీకు ఇలా చరిత్ర తప్పుగా బుర్రకెక్కిందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.