నేలమాళిగలలోని గాలి, బారోమీటరు

(ఢిల్లీలో, భూగర్భ స్థలాలలో పనిచేసే కార్మికుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాలికా బజారు దుకాణాలలోను, మెట్రో భూగర్భ స్టేషన్లలోను, గుర్‌గావ్, నోయిడా భవనాల క్రింది పార్కింగులలోను మనవారు పనిచేస్తున్నారు. పొగ, ఉక్క మనకు తెలుస్తాయి. రంగూ వాసనా లేని రేడాన్ వాయువు తెలియదు. మట్టిలో, రాతిలో స్వల్పంగా వున్న యురేనియం క్షీణించే క్రమంలో అది పుడుతుంది, 3.8 రోజులలో సగమవుతుంది. దాని నుండి పుట్టే పొలోనియం ఊపిరితిత్తులలో అంటుకొని హాని చేస్తుంది. జర్మనీలోని ష్నీబెర్గ్ గని కార్మికుల జబ్బు క్యాన్సరేనని 1879లోనే వైద్యులు చెప్పారు. రేడాన్‌ను క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ సంస్థ వర్గీకరించినది 1988లో! ఈ మధ్యకాలమంతా గనులు ఆగలేదన్నది వేరే చెప్పనక్కరలేదు.

బారోమీటరు పడినప్పుడు, బొగ్గు తీసి వదిలిన పాత పనిస్థలాల నుండి మీథేన్ వెలికి వస్తుందని బొగ్గు గనుల కార్మికులకు తెలుసు. రేడాన్‌ది కూడ ఇదే నడత. బయటి పీడనం తగ్గితే నేల రంధ్రాలలోని గాలి గోడల పగుళ్ళ గుండా లోపలికి వస్తుంది. పీడనం పెరిగితే పైగాలి నేలలోకి నెట్టబడుతుంది. ఇక్కడ ముఖ్యమైనది పీడనం ఎంత వున్నదన్నది కాదు, ఎంత వేగంగా పడుతున్నదన్నది. ఢిల్లీలో చలికాలపు పశ్చిమ అలజడి రాకముందు పీడనం పడుతుంది. సరిగ్గా అప్పుడే చలికి తలుపులన్నీ మూసి వుంటాయి! మామూలు రోజులలో సైతం ఉదయం 10 గంటల నుండి సాయంత్రం 4 వరకు పీడనం కొద్దిగా తగ్గుతుంది.

ఢిల్లీ నేలమాళిగలన్నీ ప్రమాదకరమని మేము అనడం లేదు. కొలవకుండా క్షేమమని చెప్పడాన్ని మాత్రం అంగీకరించము. పీడనం పెరుగుతున్న రోజున, ఒక్క పూట కొలిచి చూపే అంకె మనకు అక్కరలేదు. మూడేసి నెలలు వుంచే ఫిల్మ్ పరికరాలతో చలికాలంలోను, వర్షాకాలంలోను కొలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఘనపు మీటరుకు 100 బెక్వెరెళ్ళను సూచించినది. అది సాధ్యపడనిచోట సైతం 300 మించరాదన్నది.

ఫ్యాను బిగించాము గదా అని యాజమాన్యం అనవచ్చు. గాలిని బయటికి లాగడమే తప్ప లోపలికి పంపని ఫ్యాను లోపలి పీడనాన్ని తగ్గించి, నేల నుండి రేడాన్‌ను మరింతగా లాగగలదు. కనుక పైనుండి మంచిగాలి రావాలి, పగుళ్ళు పూడ్చాలి, కొలతల పట్టికను నోటీసు బోర్డుపై వుంచాలి. తాళం తీయగానే కార్మికుడిని లోపలికి పంపక, ముందు గాలి ఆడనివ్వాలి. ఆ సమయం పని గంటలలోనే లెక్కకు రావాలి.