పాలబండిలో తాగునీటి డబ్బా

(సభ్య సంఘాల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ నన్ను వెన్నశాతం లెక్కల గురించి మాట్లాడమన్నారు. దాన్ని మరో సమావేశానికి ఉంచుకొని, చిన్నదిగా కనిపించే ఒక సంగతి చెబుతాను. చలికాలంలో మన పాలబండిలో తాగునీళ్ళు ఉంటున్నాయా? వేసవిలో ఉంటాయి. తడిగుడ్డ చుట్టిన సీసా పక్కన లేకుండా డ్రైవరు బండి కదల్చడు. దీపావళి దాటి చలిగాలి తగలగానే ఆ సీసా అటక ఎక్కుతుంది. దాహం వేయదు గనుక నీటి మాట గుర్తు రాదు.

అయితే మన వైపు దారులు తెగిపోయేది వేసవిలో కాదు గదా! కరువుసీమ అని పేరేగాని, కడప వైపు ఈశాన్య రుతుపవనాల వానలు కార్తీకంలో కూడా విరుచుకు పడతాయి. 2021 నవంబరు 19న, కార్తీక పున్నమి రోజుల్లోనే, నాటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి ఊళ్ళు మునిగాయి. ఆ రోజుల్లోనే కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. అటువంటప్పుడు వాగుకు ఇవతల నిలిచిన బండికి కంటి ముందు నీళ్ళు బోలెడు, తాగదగినవి మాత్రం ఉండవు.

వానలు లేనప్పుడు నల్లమల ఉంది. నంద్యాల నుండి గిద్దలూరు పోయే ఘాటులో ఒక్క లారీ అడ్డం తిరిగితే వెనుక బండ్లన్నీ గంటల తరబడి ఆగవలసిందే. ఆత్మకూరు, దోర్నాల అడవి దారిలో రాత్రిపూట రాకపోకలు ఆపివేస్తారు. పొద్దుపోయి చేరిన బండి తెల్లవారేదాకా గేటు దగ్గరే ఉండాలి.

మరి నీళ్ళు పెట్టుకోవటానికి అడ్డేమిటి? ఒక మాట దాచకుండా చెబుతాను. పాలబండిలో నీళ్ళ డబ్బా కనిపిస్తే సభ్యులకు అనుమానం. “నీళ్ళు తాగటానికా, పాలల్లో పోయటానికా?” అంటారు. ఈ మాట పడలేక డ్రైవర్లు ఖాళీగా పోతున్నారు. అనుమానం తప్పని నేను అనను. సహకార సంఘం నిలిచేదే నిఘా మీద. అయితే ఆ నిఘా నీళ్ళ డబ్బా మీద కాదు, పాల క్యాను మీద ఉండాలి. సంఘంలో తీసిన నమూనాకూ, డెయిరీ దగ్గర తీసిన నమూనాకూ వెన్న, ఘనపదార్థాలు పోల్చి చూస్తే దారిలో కలిసిన నీళ్ళు బయటపడతాయి. క్యాన్లకు సీలు వేయండి. నీళ్ళ డబ్బాను క్యాన్ల పక్కన గాక డ్రైవరు క్యాబిన్‌లో ఉంచి, దాని మీద “తాగునీరు” అని పెద్ద అక్షరాలతో రాయించండి.

“బండినిండా పాలుండగా నీళ్ళెందుకు సార్?” అని ఒక క్లీనరు నవ్వుతూ అడిగాడు. గేదెపాలలో నూటికి 83 పాళ్ళు నీరే, నిజమే. కాని కాచని పాలు తాగితే రోగాలు అంటవచ్చు. పైగా అవి సభ్యుల పాలు. ఆ తరుగు ఎవరి ఖాతాలో రాయాలి?

మనిషికి రోజుకు తాగటానికి సుమారు మూడు లీటర్లు పెట్టుకోండి. డ్రైవరు, క్లీనరు ఇద్దరికీ పది లీటర్ల డబ్బా చాలు. దారిలో ఎక్కిన ముసలివారికో, చంటిబిడ్డ తల్లికో కొంత మిగులుతుంది కూడా. రేడియేటరుకు పోసే నీళ్ళు వేరే డబ్బాలో ఉండాలి. ఆహార పదార్థాలకు పనికివచ్చే గట్టి ప్లాస్టిక్‌దో, స్టీలుదో కొనండి. పురుగుమందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా వాడరాదు. పాత పాలక్యాను కూడా వద్దు. జిడ్డు పట్టిన అంచుల్లో క్రిములు పెరుగుతాయి. చలికాలమైనా మనకు మధ్యాహ్నం ఎండ ముప్ఫై డిగ్రీల దాకా పోతుంది, అద్దం వెనుక ఇంకా ఎక్కువ. కనుక డబ్బా సీటు కింద నీడలో ఉండాలి. లడఖ్ వంటి చోట్ల నీరు గడ్డకట్టి ఉబ్బి డబ్బా పగులుతుందని పైన పదోవంతు ఖాళీ వదలాలి. మనకు ఆ బాధ లేదు, మూతి దాకా నింపుకోవచ్చు.

వారానికొకసారి, సోమవారం అనుకోండి, పాతనీళ్ళు చెట్టుకు పోసి, డబ్బా కడిగి, క్లోరిన్ వేసిన పంచాయతీ కుళాయి నీళ్ళు పట్టండి. మన ప్రాంతంలో కొన్ని బోర్లలో ఫ్లోరైడు ఉంది. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు.

డబ్బా ఖరీదు ఏ పద్దులో రాయాలని కార్యదర్శులు ఎలాగూ అడుగుతారు. పాలకవర్గ తీర్మానం చేసుకొని, రసీదు జతపరచి, ఇతర ఖర్చుల కింద రాయండి. అద్దెబండి అయితే వచ్చే ఒప్పంద పత్రంలోనే ఈ షరతు చేర్చండి. ఇక మీదట తనిఖీకి వచ్చినప్పుడు పుస్తకాలతో పాటు బండి సీటు కింద కూడా చూస్తాను.