నారకబ్బిన వాసన



మీరు నా మెడలో వేసిన మల్లెదండ తీసి ఈ బల్ల మీద పెట్టుకున్నాను. అగౌరవం అనుకోకండి. దానితో కాస్త పనుంది.

నాకు ఇచ్చిన అంశం ‘పూల పరిమళం, ధరించేవారి వ్యక్తిత్వం’. పొద్దున బయల్దేరుతుంటే మా అమ్మాయి, “ఏం సెంటు రాసుకున్నావమ్మా?” అని అడిగింది. ఏమీ రాసుకోలేదన్నాను. “అయితే నీకు వ్యక్తిత్వం లేనట్టేగా!” అంది. దాని తప్పేం లేదు. గులాబీ వాసన ఇష్టపడితే సుకుమారి, మల్లె అయితే ప్రణయశీలి, నిమ్మపూలయితే చలాకీ మనిషి అని సెంటు అమ్మే కౌంటర్లో చిలక జోస్యం చెప్పినట్టు చెబుతారు. చిలకకి ఒక గింజ చాలు, ఇక్కడ వేలల్లో ఇచ్చుకోవాలి. అంతే తేడా.

అలాగని వాసనకీ స్వభావానికీ సంబంధమే లేదనను. మన భాషే ఒప్పుకోదు. ముక్కుకు తెలిసేదీ వాసనే, పాత అలవాట్లు మనసులో వదిలిపోయిన జాడా వాసనే. పూర్వజన్మ వాసన అంటాం కదా! పైగా ఈ విషయం మీద మనకి రెండు సామెతలున్నాయి. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందనేది ఒకటి. పూలతో కూడితే నారకూ వాసన అబ్బుతుందనేది రెండోది. గుణం పుట్టుకతో వస్తుందని మొదటిది, సావాసంతో వస్తుందని రెండోది. మరి సెంటు రాసుకునే మనిషి పువ్వా, నారా? నేను నార పక్షాన మాట్లాడటానికి వచ్చాను.

వాసనని పట్టుకుని మనిషిని వెతుక్కుంటూ వెళ్లి చిక్కుల్లో పడ్డవాడు మన సాహిత్యంలోనే ఉన్నాడు. ప్రవరుడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో, కోరిన చోటికి చేర్చేందుకు కాలికి రాసుకున్న లేపం కరిగిపోయి హిమాలయాల్లో దారి తెలియక తిరుగుతుంటే, కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు వాసన గాలిలో తేలివచ్చింది. ఇక్కడెవరో మనిషి ఉన్నారని సరిగ్గానే గ్రహించాడు. వెళ్లి చూస్తే వరూధిని అనే అప్సరస. ఊరికి దారి చెప్పమని అడిగితే, ఆవిడ అతన్నే కోరుకుంది. ఆ పరిమళం ఆమె ఉనికిని చెప్పింది, ఉద్దేశాన్ని చెప్పలేదు. వాసనకి ఉన్న శక్తీ, హద్దూ రెండూ ఆ ఘట్టంలో ఉన్నాయి.

ఇక పువ్వుకైనా ఒకే గుణం ఉందా? మల్లెలో, జాజిలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. కాస్తంత ఉంటే అదే పూల గుబాళింపు. చిక్కబడితే మాత్రం ముక్కు మూసుకోవాల్సిందే, మలంలో ఉండేదీ అదే పదార్థం. అది కొంచెమైనా లేకుండా చేసిన కృత్రిమ మల్లె సెంటు శుభ్రంగానే ఉంటుంది గానీ ప్రాణం ఉండదు. రాత్రి తల్లో పెట్టుకున్న పూలు తెల్లారి దిండు మీద ఎలా ఉంటాయో ఇక్కడున్న ఆడవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఒక్క పువ్వే సాయంత్రం ఒకలా, ఉదయం ఇంకోలా ఉంటే, దాన్ని బట్టి మనిషి గుణం ఎలా తేలుస్తాం?

ఒక ప్రసిద్ధమైన సీసా సంగతి చూద్దాం. 1920ల మొదట్లో ఫ్యాషన్ రూపకర్త గాబ్రియెల్ షనెల్ కోసం సెంట్ల తయారీదారు ఎర్నెస్ట్ బో కొన్ని నమూనాలు తయారుచేశాడు. 1 నుంచి 5 దాకా, 20 నుంచి 24 దాకా అంకెలు వేసి ముందు పెట్టాడు. ఆవిడ ఐదోదాన్ని ఎంచుకుంది, అంకెనే పేరుగా ఉంచేసింది. అదే షనెల్ నంబర్ 5. అందులో ఫ్రాన్స్‌లోని గ్రాస్ ఊళ్లో పండిన జాజి ఉంది. ఆ జాజి మరెవరో కాదు, మన పెరటి జాజి జాతే. గులాబీ కూడా ఉంది. కానీ ఏ పువ్వూ నేను ఫలానా అని ముందుకొచ్చి చెప్పదు. ఆల్డిహైడ్లనే రసాయనాలు ధారాళంగా వాడి, ఉతికి ఎండలో ఆరేసిన బట్టలాంటి మెరుపు తెచ్చాడు బో. సీసా మీద పువ్వు బొమ్మ లేదు, పువ్వు పేరు లేదు. పేదింట పుట్టి, తల్లి పోయాక అనాథాశ్రమంలో పెరిగిన షనెల్, తనకి ఎవరూ పేరు పెట్టకుండా తనే పెట్టుకున్నట్టు ఉంటుంది నాకు. సరే, అది షనెల్ కథ. నూరేళ్లుగా దాన్ని రాసుకుంటున్న ఇంతమందిదీ ఆవిడ స్వభావమేనా? కాదు. ఆ పూటకి అలా ఉండాలని వాళ్ల కోరిక. పరిమళం చెప్పేది అంతవరకే.

అసలు జడలో పూలు ఎవరి కోసం? ఒకే వాసన కాసేపు తగిలితే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పెట్టుకున్నామెకి కాసేపట్లో తెలియకుండా పోతుంది, బస్సులో వెనక సీటామెకి ఊరొచ్చేదాకా తెలుస్తూనే ఉంటుంది. తనకి తెలియడం లేదని మళ్లీ మళ్లీ సెంటు కొట్టుకునేవారితో లిఫ్టులో మూడంతస్తులు ఎక్కితే ఈ సంగతి ఇంకా బాగా బోధపడుతుంది. పెళ్లిలో పన్నీరు చల్లి, చేతికి గంధం పూసేటప్పుడు నీ వ్యక్తిత్వం ఏమిటని ఎవరినీ అడగం. ఆ పూట అందరిదీ ఒకటే వాసన.

అయితే ఎంపికలో మనిషి బొత్తిగా లేడా? ఉన్నాడు. చెక్ పరిశోధకులు 2012లో ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. మనిషి ఒంటి వాసన తను ఏరికోరి తెచ్చుకున్న సెంటుతో కలిసినప్పుడు, ఎవరో అంటగట్టిన సెంటుతో కలిసినప్పటికంటే, వాసన చూసినవాళ్లకి ఎక్కువ హాయిగా అనిపించిందట. విడిగా చూస్తే ఆ రెండు సెంట్లూ సమానంగానే ఉన్నాయి. అంటే మనం సెంటు కొనేటప్పుడు మన ముక్కు తెలియకుండానే మన ఒంటికి జత వెతుకుతోందన్నమాట.

సెంటుకీ ఒంటికీ ఉన్న ఈ జత సంగతి పాతబస్తీ అత్తరు దుకాణంలో నాకు ముందే తెలిసొచ్చింది. గాజు పుల్లతో మణికట్టు మీద ఒక చుక్క పెట్టాడు దుకాణదారు. అలవాటు కొద్దీ రెండు మణికట్లూ కలిపి రుద్దబోయాను. “రుద్దొద్దమ్మా, పువ్వు నలిగిపోద్ది. గంట తిరిగి రండి, అప్పుడు బేరమాడదాం” అన్నాడు. గంట తర్వాత చూస్తే సీసాలో ఉన్న వాసన కాదది. ముందు ఘాటుగా లేచిందంతా ఎగిరిపోయింది. అడుగున మెత్తగా, చల్లగా చందనం మిగిలింది. నాతో వచ్చిన మా వదిన చేతి మీద అదే చుక్క ఇంకోలా ఉంది. ఎవరి ఒంటి వేడి వాళ్లది, ఎవరి చర్మపు జిడ్డు వాళ్లది.

ఆ అత్తరు ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఎలా దిగుతుందో చూస్తే నా వాదం పూర్తవుతుంది. డేగు అనే రాగి పాత్రలో పూలు వేసి, నీళ్లు పోసి, మూతకి మట్టి మెత్తి, కింద పొయ్యి రాజేస్తారు. పూల ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్లతొట్టిలో ఉన్న భప్కా అనే పాత్రలోకి దిగుతుంది. భప్కాలో ముందే చందనం నూనె ఉంటుంది. ఆవిరి అందులో చల్లబడుతుంది. నీటిని వేరుచేసి, మర్నాడు కొత్త పూలు వేసి మళ్లీ కాస్తారు. ఇలా రోజుల తరబడి పూలు మారుతుంటాయి, నూనె మాత్రం అదే. పువ్వు వచ్చిపోతుంది, పట్టి ఉంచేది నూనె. అత్తరుకి చందనమే నార. చందనం ధర మండిపోయి ఇప్పుడు చాలాచోట్ల పారఫిన్ నూనె పోస్తున్నారు. పూలు అవే అయినా ఆ అత్తరులో అడుగున చందనం ఉండదు.

అందుకే పూల పరిమళం వ్యక్తిత్వాన్ని చాటుతుందంటే నేను ఒప్పుకోను. ఏ పువ్వుతో సావాసం చేయాలనుకున్నామో చెబుతుంది, ఆ పువ్వు మన దగ్గర ఎంతసేపు నిలిచిందో చెబుతుంది. నిలపడం మాత్రం మన పని.

ఇదిగో, ఈ దండ. అరటినారతో ఎంత ఒద్దికగా కట్టారో చూడండి. సాయంత్రానికి పూలు వాడిపోతాయి. ఇంటికెళ్లగానే మా అమ్మాయి నా దగ్గరికొచ్చి వాసన చూసి, “అబద్ధాలు చెప్పావు, ఏదో రాసుకున్నావు” అంటుంది. రాసుకోలేదే, కాసేపు పూల పక్కన కూర్చున్నానంటాను.