కొత్త గొంతుకి ముందు మైకు

(అంబేద్కర్ జయంతి రాత్రి, రెంటచింతల పల్లెలో పాటలు మొదలయ్యే ముందు మాట్లాడిన మాటల పాఠం)



మన రెంటచింతల పేరు లోకానికి ఏడాదికోసారి గుర్తొస్తుంది. మే నెల వస్తే చాలు, రెంటచింతలలో ఇన్ని డిగ్రీల ఎండ అని వార్తల్లో చదువుతారు. ఎండ తప్ప ఈ ఊళ్ళో ఇంకేమీ లేదన్నట్టు. ఈ రాత్రి మనం కూర్చున్న నాపరాళ్ళు ఇంకా చల్లారలేదు. అయినా ఇంతమంది వచ్చారు. ఎందుకొచ్చారు? పాట కోసం. కాబట్టి ఎండ సంగతి వార్తలవాళ్ళకి వదిలేసి మనం పాట సంగతి మాట్లాడుకుందాం.

ముందే ఒక మాట చెప్పాలి. మేము పాడేవాళ్ళం కాదు. మాలో ఒక్కరికీ గొంతు లేదు, తాళం నిలవదు. మేము వినేవాళ్ళం. మిరప కోతలకి పోయేవాళ్ళం, ఆటో తోలేవాళ్ళం, మిషను కుట్టేవాళ్ళం, బడిలో పాఠం చెప్పేవాళ్ళం కలిసి ఓ పది మందిమి. కారెంపూడి తిరునాళ్ళంటే గురజాలలో బస్సు మారి పోతాం. ఎక్కడన్నా హరిశ్చంద్ర నాటకం వేస్తున్నారంటే దుప్పటి చంకన పెట్టుకుని పోతాం. బుర్రకథ అయినా, డప్పు అయినా అంతే. తెల్లారి మొదటి బస్సుకి ఇంటికొచ్చి ఇంట్లోవాళ్ళ చేత తినాల్సిన తిట్లు తింటాం. 'పాటల పిచ్చోళ్ళు' అని మాకు పేరు. ఆ పేరంటే మాకు ఇష్టమే. ఐతే పాట విషయంలో వినేవాళ్ళ బాధ్యత ఏమిటో వినేవాళ్ళే మాట్లాడాలి. అందుకే మేము లేచి నిలబడ్డాం.

మా తప్పుతోనే మొదలుపెడతాం. పోయినేడు ఇదే చోట, ఇదే రాత్రి, పదో తరగతి చదివే పిల్ల ఒకతి పాడింది. సాయంత్రం ఆరింటికే తల్లితో వచ్చి కూర్చుంది. ముందు ఉపన్యాసాలు అయినాయి. తర్వాత బయటి నుంచి వచ్చిన పేరున్న గాయకులు పాడారు. మధ్యలో కుర్రాళ్ళు డీజే కావాలని గోల చేస్తే అదీ పెట్టారు. ఆ పిల్ల చేతికి మైకు వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. చాపలన్నీ ఖాళీ. మైకుసెట్టు కుర్రాడు వైర్లు చుట్టుకుంటున్నాడు. అయినా ఆ పిల్ల ఒక్క చరణం కూడా వదలకుండా పాడింది. పాటల పిచ్చోళ్ళమని చెప్పుకునే మేము అప్పుడు ఎక్కడున్నాం? పేరున్న గాయకుడికి టీ తాగించి, ఆయనతో ఫొటోలు దిగి, సాగనంపడానికి పోయాం. తిరిగొచ్చేసరికి ఆమె ఆఖరి చరణంలో వుంది.

ఈ ఏడు మళ్ళీ పాడమని అడగడానికి వాళ్ళింటికి పోతే తల్లి ఒకటే మాటంది. "వినేవోళ్ళు లేకుండా నా బిడ్డ ఎవరికి పాడాలయ్యా? చాపలకి పాడుద్దా?" ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. తల వంచుకుని వచ్చేశాం. ఈ రాత్రి మేము మాట్లాడేదంతా ఆ తల్లికి జవాబే.

మిత్రులారా, పాట విని వెర్రెత్తిపోవడం మనకి కొత్తగా వచ్చింది కాదు. క్రీడాభిరామం అని ఒక పాత కావ్యం వుంది. దాన్ని రాసింది మన వినుకొండ వల్లభరాయుడని కొందరు, కాదు శ్రీనాథుడని కొందరు పండితులు ఇంకా వాదించుకుంటూనే వున్నారు. ఆరొందల ఏళ్ళ కిందటి సంగతి. అందులో ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథ పాడుతుంటారు. పాడేది ఆడమనిషి. తాళం పరుగెత్తుతుంటే ద్విపదలో వీరులందరినీ పాడుతుంది. చుట్టూ మూగిన కుర్రకారు అక్షరం అక్షరానికీ కేకలు పెట్టి తూలిపోతారు. చూశారా, మన పల్నాటి కథ అప్పటికే ఓరుగల్లు దాకా పోయింది. కుర్రాళ్ళ కేకలు కూడా కావ్యంలోకి ఎక్కాయి. కానీ పాడిన మనిషి పేరు మాత్రం ఎక్కలేదు. ఆమె పేరు ఉత్త 'ఒకతె'.

ఇప్పుడు మన కారెంపూడికి రండి. కార్తీక అమావాస్యకి మొదలై ఐదు రోజులు జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాగులేరు ఒడ్డున ఇసకేస్తే రాలనంత జనం. ఈ పల్నాటి వీరుల కథని తరతరాలుగా పాడుతున్నది వీరవిద్యావంతులు. వాళ్ళు మాలలు. ఆ కథలో కన్నమదాసు మాలవాడు. బ్రహ్మనాయుడు ఆయన్ని కొడుకులా చూసుకున్నాడని, సేనకి నాయకుణ్ణి చేశాడని కథ చెప్తుంది. అన్ని కులాలూ ఒకే చాప మీద కూర్చుని చాపకూడు తిన్నారని చెప్తుంది. ఆ కథ పాడే మనిషి మాత్రం కథ అయిపోగానే పల్లెకే పోవాలి. కథలో వున్న చాప ఊళ్ళో లేదు. మన పెద్దలు ఈ సంగతి తెలిసీ పాడారు. కడుపు కోసం ఒక్కదానికే పాడారంటే మేము ఒప్పుకోం. విద్యావంతులు అన్న పేరులోనే వుంది. బడి మెట్టు ఎక్కనివ్వని రోజుల్లో కూడా వాళ్ళు విద్య వున్నవాళ్ళు.

శ్రీనాథుడి పేరుతో వున్న పల్నాటి వీరచరిత్రని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చువేశారు. అచ్చు రాకముందూ వచ్చిన తర్వాత కూడా పల్నాడులో చదువురాని జనం ఆ కథ విన్నది పాడేవాళ్ళ నోటే. అమెరికా నుంచి జీన్ రోఘేర్ అనే పరిశోధకుడు వచ్చి మన విద్యావంతుడు పాడిన కథ మొత్తం రికార్డు చేసుకుని ఇంగ్లీషులోకి మార్చాడు. 1982లో అది పుస్తకంగా వచ్చింది. పాడిన ఆయన అలిశెట్టి గాలెయ్య. ఆ పేరు ఆ పుస్తకం వల్ల దేశదేశాల పండితులకి తెలుసు. ఇక్కడ కూర్చున్న మనలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తమని అడగం. మాకే నిన్నమొన్న తెలిసింది. 'ఒకతె' దగ్గర్నుంచి గాలెయ్య పేరు దాకా రావడానికి ఆరొందల ఏళ్ళు పట్టింది. ఇంటి మనిషి పేరు పొరుగువాడి నోట వినాల్సి వచ్చింది.

ఇక వినేవాళ్ళు ఏం చెయ్యగలరో చెప్తాం. జాషువా గారు 1895లో వినుకొండలో పుట్టారు. ఆయన శ్మశానవాటి పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలోకి వచ్చి చేరాయి. కాటిసీను అంటే జాషువా పద్యాలే అన్నట్టు అయిపోయింది. అంటరానివాడని ఆయన్ని ఎడంగా నిలబెట్టిన లోకమే ఆ పద్యం దగ్గర వన్స్‌మోర్ కొట్టింది. ఆ వన్స్‌మోర్ తేలిక మాట కాదు. కొత్తగా హరిశ్చంద్రుడి వేషం కట్టిన కుర్రాడికి జనమే గురువు. రాగం ఎక్కడ లాగాలో, ఎక్కడ ఆపి మాట వినిపించాలో జనం ముఖం చూసి నేర్చుకుంటాడు. బాగుంటే వన్స్‌మోర్, లాగింది ఎక్కువైతే ఈల. రెండూ పాఠాలే. గదిలో తలుపేసుకుని పదేళ్ళు సాధన చేసినా ఈ పాఠం రాదు.

ఇంకో బడి వుంది. అది వంతపాట. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు పల్నాటి యుద్ధం బుర్రకథ చెప్తే ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చేవి. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో పోయారు. ఆయన జీవితకథకి 'పింజారి' అని పేరు. తిట్టుగా వాడిన కులం పేరుని పుస్తకం అట్ట మీద పెట్టి తలెత్తుకున్నాడు. బుర్రకథలో నడుమ కథకుడు, చెరో పక్క వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వంత పాడేవాడు రోజూ కథ మొత్తం వింటాడు. కథకుడికి ఊపిరి ఆడనప్పుడు అందుకుంటాడు. అట్లా అందుకుని అందుకుని ఓ రోజు తనే నడుమకి వస్తాడు. వీరగాథ పాడే జట్టులోనూ అంతే.

మరి ఇప్పుడు మనమేం చేస్తున్నాం? జట్టు మొత్తాన్ని పిలిస్తే ఖర్చెక్కువ, పెద్దాయన్ని ఒక్కణ్ణే రమ్మందాం, అరగంట పాడితే చాలు అంటున్నాం. వంతవాడికి ఛార్జీలు దండగ అంటున్నాం. ఆ వంతవాడే రేపటి కథకుడు. పెద్దాయన రాలేని రోజున, ఈ కళ అంతరించిపోతుందని సంతాపసభ పెట్టి మనమే ఏడుస్తాం. అంతరించడం కాదది. మనం ఛార్జీలు ఇవ్వక ఆపేసిన పాట అది.

డప్పు సంగతి మీకు చెప్పక్కర్లేదు. చావుకీ చాటింపుకీ పిలిచిన డప్పు, 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత ఊరేగింపులకి ముందు నడిచింది. 1994లో ఒక ఉద్యమం దండోరా అనే పేరే పెట్టుకుంది. ఈ రాత్రి డప్పు కొట్టబోయే ఇద్దరు పిల్లలు మొదట డబ్బా మూతల మీద కొట్టి నేర్చుకున్నారు. డప్పుకి బిగువు రావాలంటే మంట దగ్గర సెగ చూపించాలి. మన రెంటచింతలలో ఆ అవసరం లేదు, ఎండలో పెడితే చాలు. ఇందాక వాళ్ళు సిర్రతో ఒక దెబ్బ, చిటికెనపుల్లతో ఒక దెబ్బ వేసి చూసుకుంటుంటే మాకు ఒళ్ళు జలదరించింది. మాల విద్యావంతుల కథ, మాదిగ డప్పు ఒకే అరుగు మీద కూర్చునే రాత్రి కంటే మాకు పెద్ద పండగ లేదు.

కొందరు తమ్ముళ్ళు అంటారు, అన్నా, అన్నీ సెల్లులో దొరుకుతున్నాయి కదా అని. నిజమే. గద్దర్ 2023 ఆగస్టు 6న పోయారు. ఆయన గొంతు మన జేబులో వుంది. మంచిదే. ఐతే సెల్లులో పాట మనల్ని చూడదు. మనం లేచిపోయినా అది పాడుతూనే వుంటది. ఎదురుగా పాడే మనిషి అట్లా కాదు. మన కళ్ళల్లో నీళ్ళు చూసి ఇంకో చరణం కలుపుతాడు. మనం ఆవలిస్తే బిగువు పెంచుతాడు. టీవీలో 1996 నుంచి 'పాడుతా తీయగా' లాంటి పోటీలు ఎంతోమంది పిల్లల్ని పైకి తెచ్చాయి. వాటిని తప్పుపట్టం. కానీ అవి ఎక్కువగా సినిమా పాటకి వేసిన దారులు. కథకీ డప్పుకీ కోతల పాటకీ దారి మనమే వెయ్యాలి. వెయ్యడానికి కోట్లు అక్కర్లేదు. చాప, మైకు, లేవకుండా కూర్చునే మనుషులు చాలు.

కాబట్టి మేము నాలుగు మాటలు అనుకున్నాం. మీరూ ఒప్పుకుంటే ఇవి ఈ పల్లె కట్టుబాటు.

ఒకటి, ఇక్కడ ఏ సభ జరిగినా కొత్తగా పాడేవాళ్ళకే ముందు మైకు. పేరున్నవాళ్ళు తర్వాత. పేరున్నవాళ్ళ కోసం జనం ఎట్లాగూ వుంటారు.

రెండు, పాడేవాళ్ళ పేరు, ఊరు, వాళ్ళకి నేర్పినవాళ్ళ పేరు చెప్పిన తర్వాతే పాట. ఇక ఎవరూ 'ఒకతె'గా మిగలకూడదు.

మూడు, జట్టుని పిలిస్తే జట్టు మొత్తాన్ని పిలవాలి. వంతవాడికీ చేతిలో డబ్బు పెట్టాలి, అన్నం పెట్టాలి, పడుకోను చోటు చూపించాలి. డీజేకి ఇచ్చే చందాలో సగం ఇటు తిప్పితే ఇదంతా జరుగుతుంది.

నాలుగు, ఆఖరి పాట దాకా లేవకూడదు. బాగుంటే బాగుందని గట్టిగా అనాలి. బాగాలేకపోతే మనవాళ్ళే కదా అని అబద్ధపు చప్పట్లు కొట్టొద్దు. తర్వాత పక్కకి పిలిచి నిదానంగా చెప్పాలి. జాలి పడితే గాయకులు తయారవ్వరు. శ్రద్ధగా వింటే తయారవుతారు.

ఇంతకీ ఆ పిల్ల సంగతి. మూడుసార్లు పోయాం ఆ ఇంటికి. మూడోసారి తల్లి లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. మా తప్పు మేము చెప్పుకున్నాం. ఆ పిల్లే బయటికొచ్చి, "ముందు పాడమంటే వస్తా" అంది. అంతకంటే న్యాయమైన షరతు మేము వినలేదు. ఆమె పాడబోయేది మిరప కోతల్లో తల్లి వెనక సాలు పట్టుకుని నడుస్తూ నేర్చుకున్న పాట. తల్లి ఇదిగో ముందు వరసలో చాప మీద కూర్చుంది. పక్కన మేమంతా వున్నాం. ఈసారి ఎవరినీ సాగనంపడానికి పోం.

ఆమె పేరు మేము చెప్పం. ఆమే వచ్చి తన పేరు, తనకి పాట నేర్పిన మనిషి పేరు చెప్తుంది. అమ్మా, రా. మైకు నీది.

జై భీమ్.