వేసవి శిబిరమున వినవలసిన మాట



మే నెల వచ్చినదనగా మన జిల్లాలలోని క్రైస్తవ సంఘములవారు విద్యార్థులకు వేసవి శిబిరములు నడపుదురు. నాలుగైదు దినములు పిల్లలందరు నొక్కచోట నుండి ప్రార్థన, బైబిలు పాఠము, పాటలు, ఆటలతో కాలము గడపుదురు. ఇట్టి శిబిరములు క్రొత్తవి గావు. 1885వ సంవత్సరముననే సమ్నర్ డడ్లీ యను వై.ఎం.సి.ఏ. కార్యకర్త కొలదిమంది బాలురను న్యూయార్కు రాష్ట్రములోని యొక సరస్సు గట్టునకు గొనిపోయి యట్టి శిబిరము జరిపెను. నేడు మన శిబిరములలో కొందరు పిల్లల కొక పెద్దవాని నప్పగింతురు. అతనిని కౌన్సిలరందురు. పిల్లవాని మనస్సులోని కలతను కనిపెట్టుట యతని పని.

ఆ పని యెంత భారమైనదో మీకు మనవి చేయుదును. పదవ తరగతి, ఇంటర్మీడియటు ఫలితములు వెలువడు కాలమును, శిబిరములు జరుగు కాలమును నించుమించుగా నొక్కటియే. 2019వ సంవత్సరము ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన పిదప కొలది దినములలో నిరువదిమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములను తామే తీసికొనిరి. కావున శిబిరమునకు వచ్చిన పిల్లలలో నెవని గుండెలో నేమున్నదో యెవరెరుగుదురు?

నేను మిషను పాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసినవాడను. విశ్రాంతి పొందిన పిదప శిబిరములలో కథలు చెప్పుటకు నన్ను పిలుచుచుందురు. కొన్నేండ్ల క్రిందట నొక శిబిరమున పదునేడేండ్ల బాలుడు రెండు పూటలు అన్నము ముట్టలేదు. ఇంటర్మీడియటులో రెండు విషయములు తప్పెనని తెలిసినది. కౌన్సిలరు మంచివాడే, కాని యువకుడు. అందరియెదుట వానిని నిలువబెట్టి, విశ్వాసము కొరవడుటచేతనే యీ దిగులు కలిగినదని చెప్పి ప్రార్థించెను. నేనును తక్కువ తినలేదు. ధైర్యమును గూర్చి రెండు నీతిపద్యములు చదివితిని. బాలుడు తల వంచుకొని లేచిపోయెను.

ఆ రాత్రి వంటశాలలోని యవ్వ మజ్జిగన్నము కలిపి వానియెదుట బెట్టి, యేమియు నడుగక ప్రక్కన గూర్చుండెను. వాడు తినెను, పిమ్మట నేడ్చెను, ఆ పిమ్మటనే మాటలాడెను. నలుబదియేండ్లు పాఠము చెప్పిన నాకు తెలియని పాఠము నా యవ్వకు తెలిసినది.

ఆలోచింపగా నిది బైబిలులోనే యున్నది. ఏలీయా ప్రవక్త బ్రదుకు మీద విసిగి యెడారిలో బదరీవృక్షము క్రింద పరుండి చావు కోరినప్పుడు దేవదూత వానిని గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును చూపి లేచి తినుమనెను. మరల నిద్రింపనిచ్చి మరల తినుమనెను. యోబు మిత్రులు నేడు దినములు మౌనముగా కూర్చున్నంతకాలము మిత్రులుగనే యుండిరి. నోరు తెరచి తప్పులెన్న మొదలిడిన తరువాతనే భారమైరి. మన గీతలో మాత్రము? అర్జునుని విషాదమంతయు విన్న పిదపనే గదా కృష్ణుని యుపదేశము!

మరునాడు ఆ బాలుడు నాతో, "నాన్న అప్పు చేసి చదివించాడండీ. ఏ మొగంతో ఇంటికి వెళ్లనండీ? నేను లేకపోతేనే నయం మాస్టారండీ. ఈ మాట ఎవరికీ చెప్పొద్దండీ" అనెను. అట్టి మాట విన్నప్పుడు తప్పించుకొని పోరాదు. చచ్చిపోవలెనని యనుకొనుచున్నావా యని నెమ్మదిగా, సూటిగా నడుగవలెను. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. లోలోపల నున్న తలంపు బయటికి వచ్చి బరువు తగ్గును. వాడు ఔననెను. అట్టివానిని క్షణమైన నొంటరిగా విడువరాదు.

రహస్యముంతునని మాట యీయరాదు. "నీ ప్రాణము రహస్యముకంటె గొప్పది. నీకు చెప్పియే పెద్దలకు చెప్పుదును" అంటిని. మరియొకటి. పదునెనిమిదేండ్లలోపు బిడ్డ తనపై లైంగిక దౌర్జన్యము జరిగినదని చెప్పినచో 2012నాటి పోక్సో చట్టము ప్రకారము విన్నవారు పోలీసులకు తెలుపవలసినదే. సంఘమునకు చెడ్డపేరు వచ్చునని దాచుట నేరము.

శిబిరాధికారి తండ్రికి ఫోను చేసి, మార్కుల మాట యెత్తవద్దని చెప్పెను. ఉదయపు బస్సులో ఆయన వచ్చి, "అన్నం తిన్నావురా?" యని మాత్రమడిగెను. ఆ మధ్యాహ్నమే బాలుని ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్యునియొద్దకు గొనిపోయిరి. ప్రార్థన మానవలెనని నేననను. అది వైద్యమునకు తోడుగా నుండవలెను, అడ్డముగా నుండరాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ 14416 సంఖ్యకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడుదురు. పిల్లల యాపదలకు 1098 గలదు.

గ్రామ పెద్దలారా! శిబిరము నాలుగు దినములే. మిగిలిన దినములన్నియు ఆ బిడ్డ మీ వీధిలోనే తిరుగును. రచ్చబండ యొద్ద నలుగురిలో "ఎన్ని మార్కులురా?" యని మీరు నవ్వుచు నడుగు ప్రశ్న వానికి నవ్వు కాదు. సప్లిమెంటరీ పరీక్ష యున్నదని, సంవత్సరము పోలేదని తండ్రికి చెప్పుడు. బిడ్డ కెదురైనపుడు మాత్రము అన్నము తిన్నావాయని యడుగుడు. చెప్పదలచినచో కూర్చుండి వినుడు.

ఆ బాలుడు సప్లిమెంటరీలో నొక విషయము మరల తప్పెను. కాని యీసారి ఆ సంగతి తండ్రికి తానే, ఆ పూటయే, ఇంటికి పోయి చెప్పెను. నాకది ప్రథమశ్రేణి కంటె గొప్పగా తోచినది.

సెలవు.