ఫాస్ఫారిక్ యాసిడ్ ఎందుకు పోస్తాం?
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగం)



రిటైరయ్యేదాకా నేను ఇనుప ఖనిజం పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను. బైలదిల్లా నుంచి కొత్తవలస మీదుగా వచ్చే ఖనిజంలో ఇనుము ఎంతుందో తేల్చాలి. డైక్రోమేట్‌తో టైట్రేషన్ చేసే ముందు కాస్త ఫాస్ఫారిక్ యాసిడ్ పోసేవాళ్లం. ఎందుకని ఓ ట్రైనీ కుర్రాడు అడిగితే "పుస్తకంలో ఉంది, పోసెయ్" అన్నాను. ఆ రాత్రి సిగ్గేసింది.

జవాబు మన ఊళ్లోనే ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. ఫాస్ఫేటు ఫెర్రిక్ ఇనుమును గట్టిగా పట్టేసుకుంటుంది. దాంతో ఫెర్రస్ ఇనుము తన ఎలక్ట్రాన్‌ను మరింత సులువుగా వదిలేస్తుంది. మాకు ఎండ్ పాయింట్ స్పష్టంగా కనబడితే చాలు, అక్కడితో ఆగిపోయాం. ఆచార్య జి. గోపాలరావుగారు ఆగలేదు. అదే యాసిడ్‌ను బాగా గాఢంగా తీసుకున్నారు. మామూలుగా యురేనియం జోలికే పోని ఫెర్రస్, అందులో ఆరో స్థితిలోని యురేనియాన్ని నాలుగో స్థితికి దించేసింది. వేడి చేసే పనే లేదు! ఎస్.ఆర్. సాగిగారితో కలిసి 1962లో 'టలాంటా' పత్రికలో ప్రకటించారు. 1964లో అదే పత్రికలో వచ్చిన డేవీస్-గ్రే పద్ధతిలోనూ జరిగేది ఈ చర్యే. అణు ఇంధనంలో యురేనియం లెక్క తేల్చడానికి ఎన్నో దేశాలు దాన్నే నమ్ముకున్నాయి.

ఆ కుర్రాడు ఇప్పుడు పెద్ద ఆఫీసరు. మొన్న ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

"ఇన్నేళ్లకా సార్!" అన్నాడు.